ఇంటికొచ్చే కిరాణా – మన పిల్లల రోజీ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. అచ్చు కోసం అక్కడక్కడ దిద్దినది.)



కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం "ఆన్‌లైన్ కిరాణా వ్యాపారం – ఉపాధి అవకాశాలు". నేను ఉర్దూ మీడియంలో లెక్కలు చెప్పుకొనే పంతుల్ని. వ్యాపారం చేసినవాణ్ణి కాను. పోయిన సంవత్సరం ఇదే సమావేశంలో "మన పిల్లలంతా హైదరాబాదు పోయి బండ్ల మీద సామాన్లు మోస్తున్నారు" అని వెనుక వరుసలో కూర్చొని గొణిగాను. అది కార్యదర్శి గారి చెవిన పడింది. అందుకు శిక్షగానే ఈ ఉపన్యాసం నా నెత్తిన పెట్టారని అనుకుంటున్నాను. ఇంకొక మాట. మన ఇళ్ళలో పిల్లలు ఇప్పుడు తెలుగే ఎక్కువగా చదువుతున్నారు గనుక తెలుగులో మాట్లాడమన్నారు. నా తెలుగు బడిలో నేర్చింది కాదు, మహబూబ్‌నగర్ బజారులో నేర్చింది. తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోండి.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి సంగతితో మొదలుపెడతాను. పేరు చెప్పను, వాళ్ళమ్మ ఇక్కడే వుండవచ్చు. తొమ్మిదో తరగతిలో మానేశాడు. లెక్కల్లో చురుకైనవాడు. పద్దెనిమిది నిండగానే లైసెన్సు తీసుకొని హైదరాబాదు పోయి ఫోనులో ఆర్డరు వస్తే బియ్యం, పప్పు, పాలు, గుడ్లు ఇళ్ళకు చేరవేసే పనిలో చేరాడు. బండి మొదటి కిస్తు కోసం తల్లి చెవి కమ్మలు అమ్మింది. పోయిన పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడటానికి వచ్చాడు. "ఎట్లా వుంది రా?" అంటే "బాగుంది సార్, చేతి నిండా పని, నెలకు ఇంత వస్తుంది" అన్నాడు. "నేనడిగింది వచ్చేదెంత అని కాదు, మిగిలేదెంత అని" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఎప్పుడూ లెక్క వేయలేదట! లెక్కల్లో నూటికి ఎనభై తెచ్చుకున్నవాడు.

ఆ లెక్కకు మళ్ళీ వస్తాను. ముందు ఈ వ్యాపారం ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్పుకుందాం. చాలామంది ఇది నిన్న మొన్న పుట్టిందనుకుంటారు. బెంగుళూరులో ఫ్యాబ్‌మార్ట్ అని 1999లోనే కంప్యూటరు మీద అమ్మే దుకాణం పెట్టారు. అప్పుడు ఇళ్ళలో కంప్యూటర్లెన్ని, కొనేవాళ్ళెంతమంది? వాళ్ళు తరువాత మామూలు దుకాణాలు పెట్టారు, అవి మన హైదరాబాదు త్రినేత్రతో కలిశాయి, త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా వారు కొన్నారు. ఈనాటి 'మోర్' దుకాణాల పుట్టుక అదే. పాతవాళ్ళే మళ్ళీ 2011లో బిగ్‌బాస్కెట్ మొదలుపెట్టారు. 2013లో గ్రోఫర్స్ వచ్చింది, 2021 చివర పేరు మార్చుకొని బ్లింకిట్ అయింది, మరుసటి సంవత్సరం దానిని జొమాటో కొన్నది. 2020లో స్విగ్గీ వారి ఇన్‌స్టామార్ట్, 2021లో జెప్టో. అదే 2021లో టాటాలు బిగ్‌బాస్కెట్‌లో పెద్ద వాటా కొన్నారు. కరోనా లాక్‌డౌన్‌లో గడప దాటలేని జనం ఫోనులో సరుకు తెప్పించుకోవటానికి అలవాటు పడ్డారు. లాక్‌డౌన్ పోయింది గాని ఆ అలవాటు పోలేదు.

పెద్ద పెద్ద కంపెనీలు డబ్బు కుమ్మరిస్తున్నాయి, పనులు పుడుతున్నాయి. ఇది నిజం. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇట్లాంటి గిగ్ పనుల్లో 2020-21లో 77 లక్షల మంది వున్నారు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని వారి అంచనా. ఇందులో కిరాణా ఒక్కటే కాదు, క్యాబులు, భోజనం తెచ్చేవారు, అన్నీ కలిసే వున్నాయి. అయినా ఎక్కడికి పోతున్నామో తెలుస్తుంది. కాబట్టి "ఈ పని వద్దు" అని పిల్లలకు చెప్పటానికి నేను నిలబడలేదు. పాలమూరు వాళ్ళం మనం. ఎక్కడ ప్రాజెక్టు కడితే అక్కడికి తట్టా పార పట్టుకొని పోయిన జిల్లా ఇది. పనికి పోవటంలో సిగ్గు లేదు. నా గోడు వేరే వుంది. ఈ వ్యాపారంలో పది రకాల పనులుంటే మన పిల్లలు ఒక్కదానికే ఎగబడుతున్నారు. అదీ అన్నిటికంటె ఎండకు, వానకు, ప్రమాదానికి దగ్గరైనదానికి.

ఆ అబ్బాయిని కూర్చోబెట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పించుకున్నాను. మీరు ఫోనులో ఆర్డరు పెట్టగానే సరుకు దొడ్డ గోదాము నుంచి రాదు. రెండు మూడు కిలోమీటర్ల లోపు ఒక సందులో బోర్డు అంతగా కనపడని దుకాణం వుంటుంది. దానిని డార్క్ స్టోర్ అంటారు. పేరులో చీకటి వుంది గాని లోపల లైట్లు పగలు రాత్రి వెలుగుతూనే వుంటాయట. కొనేవాళ్ళు లోపలికి పోరు, అంతే తేడా. తెల్లవారకముందే లారీ వస్తుంది. సరుకు దింపేవాళ్ళు ఒకరు. బిల్లుతో సరిచూసి, తక్కువైనదీ చెడిపోయినదీ వేరు చేసి లెక్క ఎక్కించేవాడు ఒకడు. ప్రతి అరకు ఒక నంబరు, దాని ప్రకారం సర్దేవాడు ఇంకొకడు. ఆర్డరు రాగానే చేతిలోని యంత్రం చూపిన అర దగ్గరికి పోయి వస్తువు తీసి స్కాన్ చేసేవాడు పికర్. సంచిలో కట్టేవాడు ప్యాకర్. కూరగాయలు, పండ్లు ఏరేవాళ్ళు. పాలు, ఐస్‌క్రీము వుండే చల్లగది చూసేవాడు. రోజూ రాత్రి అరల్లో వున్నదీ, కంప్యూటరు చెప్పేదీ ఒకటేనా అని లెక్క చూసేవాడు. వాళ్ళ మీద షిఫ్టు ఇన్‌చార్జి, ఆయన మీద మేనేజరు. వీళ్ళందరి పనీ అయిన తరువాత గుమ్మం బయట బండి వేసుకొని నిలబడ్డవాడు మన అబ్బాయి.

"లోపల మనోళ్ళు ఎందరు రా?" అని అడిగాను. "ఇద్దరు సార్." "బయట?" "బయట పదిహేను మందిమి."

ఈ రెండు అంకెలు నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకిట్లా? వాడు చెప్పిన కారణాలు మూడు. లోపల పనికి పదో తరగతి సర్టిఫికెట్ అడిగారట, వీడికి లేదు. రెండోది, ప్యాకెట్ల మీద అక్షరాలు ఇంగ్లీషు, ఉర్దూ బడిలో చదివినవాణ్ణి నవ్వుతారేమోనని భయం. మూడోది, బండి పనిలో డబ్బు వారం వారం చేతికి వస్తుంది, లోపల నెలంతా ఆగాలి. పైగా మొదట్లో లోపలి జీతం బండి మీద వచ్చేదానికంటె తక్కువగా కనపడుతుంది. "కనపడుతుంది" అన్నాను, గమనించండి.

ఇప్పుడు లెక్క. ఈ సంగతిని నేను మా తొమ్మిదో తరగతికి లెక్కగా ఇచ్చాను. ఒక బండి రోజుకు 120 కిలోమీటర్లు తిరిగిందనుకోండి. నెలకు 26 రోజులు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి, లీటరు 107 రూపాయలనుకోండి. పిల్లలు అయిదు నిమిషాల్లో తేల్చారు: రోజుకు 285 రూపాయల పెట్రోలు, నెలకు ఏడు వేల నాలుగు వందల పైన. తిరిగింది నెలకు 3,120 కిలోమీటర్లు. నా స్కూటరు సంవత్సరమంతా కలిపి అంత తిరగదు! నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయిలు మార్పిస్తే వాడు నెలనెలా మార్పించాలి. సంవత్సరానికి 37,440 కిలోమీటర్లు. మూడు సంవత్సరాల కిస్తులు కడుతున్నాడంటే, చివరి కిస్తు కట్టేనాటికి బండి లక్ష దాటి వుంటుంది. వెనుక బెంచీలో ఒక పిల్లవాడు లేచి "సార్, అప్పు తీరేసరికి బండి కూడా తీరిపోతుంది" అన్నాడు. వాడికి ఆ రోజు నూటికి నూరు వేశాను.

వచ్చినదాంట్లోంచి పెట్రోలు, కిస్తు, ఆయిలు, టైర్లు, ఫోను రీఛార్జి తీసేసి, పని చేసిన గంటలతో భాగించి అప్పుడు లోపలి జీతంతో పోల్చాలి. మన పిల్లలు వచ్చినదాన్నే పోలుస్తున్నారు. ఇంకొకటి. ఇరవైమందికి పైన పనిచేసేచోట పి.ఎఫ్. వుండాలి. ఇ.ఎస్.ఐ. కూడా వుంటుంది, దాని జీతం పరిమితిని 2017లో 21,000 రూపాయలకు పెంచారు. లోపల పనిచేసేవాళ్ళకు ఇవి రావాలి. కంట్రాక్టరు పేరు మీద తీసుకున్నా రావాలి. చేరిన మొదటి నెలలోనే "నా పి.ఎఫ్. నంబరు ఏది?" అని అడగండి. అడగటానికి మొహమాటపడేవాళ్ళు మనలో ఎక్కువ. ఇంట్లో ఉప్పు తక్కువైతే అరుస్తాం గాని సేటు దగ్గర నోరు పెగలదు.

ఇక ప్రమాదం సంగతి. ఆ అబ్బాయి మొన్న వానాకాలంలో రాత్రి పదకొండు గంటలకు జారి పడ్డాడు. మణికట్టు విరిగింది. రెండు నెలలు ఇంట్లో. ఆ రెండు నెలలూ కిస్తు ఆగలేదు, సంపాదన ఆగింది. బండి బాగుచేయించటానికి ఇన్సూరెన్సు అడిగితే ఇవ్వమన్నారు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, తప్పు ఎక్కడుందో తెలియటం అవసరం. మనం మామూలుగా సొంత బండికి చేయించే ఇన్సూరెన్సు సొంత వాడకానికి మాత్రమే. కిరాయికి సరుకు మోసేందుకు వాడితే ఆ పాలసీ షరతు తప్పినట్టు. అందుకని బండికి దెబ్బ తగిలినప్పుడు డబ్బు నిరాకరించే వీలుంది. పాలసీ చేయించేటప్పుడే "ఈ బండి డెలివరీకి వాడుతున్నాను" అని చెప్పి, దానికి తగినది తీసుకోవాలి. కొంచెం ఎక్కువ అవుతుంది. అయినా తల్లి కమ్మలకంటె ఎక్కువ కాదు.

అమ్మలారా, దీనికంటె చెడ్డది ఒకటి చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. అన్న పేరు మీద ఖాతా, బండి మీద పదహారేళ్ళ తమ్ముడు. ఇది జరుగుతున్నది, మన ఇళ్ళలోనే జరుగుతున్నది. అన్న నిద్రపోతుంటే తమ్ముడు రెండు గంటలు తిరిగి వస్తాడు, ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయని మనమూ చూసీ చూడనట్టు వూరుకుంటాం. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేక బండి యజమాని మీద 25,000 రూపాయల జుర్మానా, మూడేళ్ళ వరకు జైలు వుంది. బండి రిజిస్ట్రేషను సంవత్సరం పాటు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఆ పైన, ఖాతాలో వున్న పేరు ఒకటి, రోడ్డు మీద పడ్డ పిల్లవాడు ఇంకొకడు అయితే ప్రమాద బీమా డబ్బు ఎవరి పేరు మీద అడుగుతారు?

సర్కారు ఏం చేస్తున్నదంటే, చేయటం లేదని అనలేను. 2020 నాటి సామాజిక భద్రత చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కంపెనీలు తమ ఏడాది వ్యాపారంలో నూటికి ఒకటి నుంచి రెండు రూపాయల వరకు పనివాళ్ళ భద్రత నిధికి ఇవ్వాలని అందులో వుంది. ఇది పనివాళ్ళకు కట్టే మొత్తంలో నూటికి అయిదు దాటనక్కరలేదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో సొంత చట్టాలు చేసుకున్నాయి. మన తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు జనం ముందు పెట్టారు. ఇవన్నీ ఊరికే రాలేదు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ చాలాకాలం తిరిగింది. దాని అధ్యక్షుడు షేక్ సలావుద్దీన్ తానే క్యాబ్ నడిపిన మనిషి. 2025 డిసెంబరు 31న సమ్మె జరిగింది. తరువాత కేంద్ర కార్మిక శాఖ చెప్పగా 2026 జనవరిలో బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి "పది నిమిషాలు" అన్న మాట తీసేసింది. మాట తీసేస్తే తొందర తగ్గుతుందా అని మా అబ్బాయిని అడిగాను. "గడియారం గోడ మీది నుంచి తీశారు సార్, జేబులో వుంది" అన్నాడు.

చట్టం వచ్చినా మన పేరు పుస్తకంలో లేకపోతే మనకు రాదు. ఇ-శ్రమ్ నమోదు 2021 ఆగస్టు నుంచి వుంది. ఆధార్, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా చాలు. 2025 బడ్జెట్‌లో గిగ్ పనివాళ్ళకు గుర్తింపు కార్డులు, ఆరోగ్య పథకం అన్నారు, దానికీ దారి ఇ-శ్రమ్ నుంచే. మన మొహల్లాలో బండి మీద పనిచేసే పిల్లల్ని లెక్కపెట్టి అడిగాను, నమోదు చేసుకున్నవాళ్ళు ముగ్గురు.

ఇప్పుడు లోపలి పనికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నా ఆశ అక్కడుంది. 2024 నవంబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఈ కంపెనీలకు ఒక మాట చెప్పింది: ఇంటికి చేరే సమయానికి వస్తువు గడువులో నూటికి ముప్పై వంతులైనా లేక 45 రోజులైనా మిగిలి వుండాలి. అంటే ఏమిటి? ప్యాకెట్ మీద తేదీ చదివి, ముందు గడువు తీరేదాన్ని ముందు పంపి, మిగిలిన రోజులు లెక్కగట్టే మనిషి కావాలి. ఇది తొమ్మిదో తరగతి లెక్క. దీనికి షేక్‌స్పియర్ ఇంగ్లీషు అక్కరలేదు. ప్యాకెట్ మీద వచ్చే ఇంగ్లీషు మాటలు నేను కూర్చొని రాశాను: తయారైన తేదీ, గడువు, బ్యాచ్, నికర బరువు, ఎం.ఆర్.పి., చల్లగా వుంచవలెను... తిప్పి కొడితే నూటయాభై మాటలు. నెల రోజుల్లో ఏ పిల్లవాడికైనా వస్తాయి. ఆహారం ముట్టుకొనే పాతిక మందికి ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజరు వుండాలని కూడా అదే సంస్థ చెబుతున్నది, ఫోస్టాక్ అనే శిక్షణ దానికే. మన పిల్లలలో ఒక్కరైనా ఆ పేరు విన్నారా?

పండ్ల సంగతి చూడండి. మన బాలానగర్ సీతాఫలం పేరు దేశమంతా తెలుసు. అమావాస్య ముందో వెనకో, కార్తెలు చూసుకొని, మన ఆడవాళ్ళు రోడ్డు పక్కన గంపలు పెట్టుకొని కూర్చుంటారు. చేత్తో పట్టుకొని కళ్ళు విచ్చుకున్న తీరు చూసి "ఇది ఈ రాత్రికి పండుతుంది, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి" అని చెబుతారు. కొల్లాపూర్ మామిడి దగ్గర పనిచేసినవాళ్ళు తొడిమ చూసి చెబుతారు. ఈ విద్య కోసమే ఆ కంపెనీల కొనుగోలు కేంద్రాల్లో మనుషుల్ని పెట్టుకుంటున్నారు. దానిని గ్రేడింగ్ అంటారు. మనకు తాతల నాటి నుంచి వున్న విద్యకు వాళ్ళు ఇంగ్లీషు పేరు పెట్టి జీతం ఇస్తుంటే, మనం ఆ విద్యను రోడ్డు పక్కన వదిలేసి బండి కొనటానికి అప్పు చేస్తున్నాం.

ఆడపిల్లల మాట. కట్టటం, ఏరటం, లెక్క ఎక్కించటం, ఫోనులో ఫిర్యాదులు వినటం వాళ్ళూ చేయగలరు. ఇంటర్ పాసై ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు మనలో తక్కువ లేరు. పంపేముందు షిఫ్టు ఎప్పుడు అయిపోతుంది, ఇంటికి చేర్చే ఏర్పాటు వుందా, మరుగుదొడ్డి వుందా అని పెద్దవాళ్ళు పోయి చూసి రండి. చూడకుండానే వద్దనకండి.

ఇక్కడ కిరాణా కొట్లున్న పెద్దలు ఇద్దరు ముగ్గురు నన్ను కళ్ళెర్ర చేసి చూస్తున్నారు. వాళ్ళ కోపం న్యాయమే. ఆ ఖాతా పుస్తకంలో కొత్త పనులు ఒక పక్క రాస్తే, సందు చివర మూతపడే కొట్టు, దాంట్లో పొట్లాలు కట్టే పిల్లవాడి పని రెండో పక్క రాయాలి. ఒక పక్కే చూపించేవాడు గుమస్తా కాడు. అయితే మా గల్లీలో భాయ్ ఒకరు ఏం చేశారో చెబుతాను. ఫోనులో చీటీ పంపితే పాతికమంది ఇళ్ళకు సాయంత్రం కొడుకు చేత సరుకు పంపిస్తున్నారు. నెలాఖరు ఉద్దెర ఆయన ఇస్తారు, ఏ కంపెనీ ఇవ్వదు. మా ఇంట్లో ఎవరికి చక్కెర జబ్బో, ఎవరికి ఏ పప్పు పడదో ఆయనకు నోటికి వచ్చు. ఆయన కొట్టు ఇంకా నడుస్తున్నది. అందరివీ నడుస్తాయని మాత్రం నేను మాట ఇవ్వలేను.

సంఘాన్ని నేను కోరేది పెద్ద మొత్తం కాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం జొహర్ తరువాత రెండు గంటలు మన హాలు తాళం చెవి ఇవ్వండి. నూటయాభై మాటలు, తేదీల లెక్క, బిల్లు సరిచూడటం నేను చెబుతాను. చదువు మానేసినవాళ్ళకు ఓపెన్ స్కూలు పది పరీక్ష ఫారాలు తెప్పిద్దాం. ఇప్పటికే బండి మీద వున్నవాళ్ళని దిగమనను. వాళ్ళ ఇ-శ్రమ్, పాలసీ కాగితాలు సరిచూద్దాం.

మణికట్టు విరిగిన ఆ అబ్బాయి ఇప్పుడు కుదుటపడ్డాడు. ఓపెన్ స్కూలులో పది కట్టాడు, రెండు పేపర్లు మిగిలాయి. ఈరోజు గుమ్మం దగ్గర బల్ల వేసుకొని రిజిస్టరు పెట్టుకొని కూర్చున్నది వాడే. పోయేటప్పుడు ఆధార్, ఫోను చేతిలో పట్టుకొని వాడి దగ్గర ఆగండి. రిజిస్టరులో ఒక గడి "నెలకు మిగిలేది" అని పెట్టాను. అది ఖాళీగా వదిలితే వాడు మిమ్మల్ని వదలడు.

ఖుదా హాఫిజ్.